ఉడుం మామ మాట తప్పని రోజు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పిల్లల వార్డులో చేరిన మొదటి వారంలోనే నర్సులు ఉడుం అని కొత్త పేరు పెట్టేశారు. పట్టుకుంటే ఉడుంపట్టే మరి. సూది పొడవాలన్నా, కుట్లు వెయ్యాలన్నా, వెన్నులోంచి నీరు తియ్యాలన్నా, పిల్లల్ని కదలకుండా పట్టుకోవడం ఆయన పని. కాగితం మీద మాత్రం వార్డు అటెండరు. మంచాలు తొయ్యడం, దుప్పట్లు మార్చడం, ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకు రావడం కూడా ఆయన నెత్తినే ఉన్నాయి. కానీ "ఉడుం ఎక్కడ?" అని ఎవరైనా కేకేశారంటే, ఏదో ఒక మంచం మీద ఏదో ఒక ప్రాణం కాళ్లూ చేతులూ తన్నుకుంటోందని అర్థం. పెద్దవాళ్లకి ఉడుం, పిల్లలకి ఉడుం మామ.

ఇక్కడికి రాకముందు పదకొండేళ్లు పశువుల ఆసుపత్రిలో ఇదే పని చేశాడు. దూడల్ని పట్టుకున్నాడు, కుక్కల్ని పట్టుకున్నాడు, ఒకసారి సర్కస్ వాళ్ల ఎలుగుబంటిని కూడా పట్టుకున్నానని చెప్పుకుంటాడు. ఎలుగుబంటి సంగతికి ఆయన నోరు తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ ఆసుపత్రి మూతపడ్డాక ఇక్కడికి పంపారు. "పశువుల దగ్గర నేర్చుకున్న బుద్ధులు మా పిల్లల దగ్గర చూపించకు" అని హెడ్ నర్సు మొదటిరోజే హెచ్చరించింది. నిజానికి ఆయన అక్కడ నేర్చుకున్న బుద్ధి ఒక్కటే. కుక్కని మాయమాటలతో ఒకసారి లోపలికి తెస్తే, రెండోసారి గేటు దగ్గరే కాళ్లు తన్నిపట్టి కూర్చుంటుంది. పిల్లలూ అంతే. ఇంకా చెప్పాలంటే కుక్క మర్చిపోయినా పోతుంది గానీ పిల్లలు మర్చిపోరు.

అందుకని ఆయన పిల్లలకి అబద్ధం చెప్పడు. చీమ కుట్టినట్టుంటుంది అనే మాట మనందరం పిల్లలకి చెప్పినవాళ్లమే. చిన్నప్పుడు విని, మోసపోయి, పెద్దయ్యాక సిగ్గులేకుండా మన పిల్లలకి చెప్తాం. ఉడుం మామ మాత్రం మంచం పక్కన గొంతుక్కూర్చుని, పిల్ల కళ్లలోకి చూస్తూ ఇలా చెప్పేవాడు. "నొప్పి పుడుతుంది. గట్టిగానే పుడుతుంది. ఏడవాలనిపిస్తే ఏడ్చుకో, అరవాలనిపిస్తే అరుచుకో, నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకో. ఎన్నిసార్లో నేను ముందే చెప్తా. అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ పొడవనివ్వను." పొడవనిచ్చేవాడు కాదు కూడా. రెండు అని చెప్పాక మూడోసారి నరం వెతకబోయిన డాక్టర్లని, "ఇవాళ్టి కోటా అయిపోయింది సార్, సాయంత్రం చూద్దాం" అని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. డాక్టర్లు విసుక్కునేవాళ్లు గానీ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఆయన పట్టుకుంటే పని అయ్యేది, ఆయన లేకపోతే నలుగురు పట్టుకున్నా అయ్యేది కాదు.

ఆ వార్డుకి ఒక చలికాలం ఉదయం ఎనిమిదేళ్ల పిల్ల వచ్చింది. తల్లి బడివ్యాను నడుపుతుంది. తండ్రి లేడు, ఎప్పుడో పోయాడు. పిల్ల కాళ్ల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపిస్తే, వ్యాను మెట్టు తగిలి ఉంటుందిలే అనుకుని తల్లి ఆ మెట్టుకి రబ్బరు ముక్క అంటించింది. మచ్చలు తగ్గలేదు. తర్వాత జ్వరం పట్టుకుంది, మొహం పాలిపోయింది, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. రక్తపరీక్ష చూసిన డాక్టరు ఆ పూటే ఇక్కడికి పంపాడు.

పిల్ల పడుకునే ఉంది గానీ నోరు పడుకోలేదు. ఈ సూది ఎందుకు, నిన్న పొడిచారుగా, నిన్నటి రక్తం ఏం చేశారు, పారబోశారా, పారబోస్తే మళ్లీ ఎందుకు తీస్తున్నారు? రెండోరోజుకే నర్సులు లాయరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఉడుం మామ అప్పుడు సెలవులో ఉన్నాడు. అత్తగారికి కాలు విరిగితే భార్యతో వెళ్లి పదిహేను రోజులు ఉండి వచ్చాడు. ఆయన తిరిగొచ్చి డ్యూటీ ఎక్కిన ఉదయమే లాయరమ్మకి తుంటి ఎముకలోంచి మూలుగ తీసే పరీక్ష పెట్టారు.

ఆ పరీక్ష సంగతి కొంచెం చెప్పాలి. పైన చర్మానికి మత్తు సూది ఇస్తారు. అది చర్మానికి పనిచేస్తుంది, ఎముక పైదాకా పనిచేస్తుంది. సిరంజితో లోపలినుంచి మూలుగ లాగే క్షణంలో మాత్రం ఏ పనీ చెయ్యదు. పిల్లల్ని పూర్తిగా నిద్రపుచ్చే డాక్టరు ఆ ఆసుపత్రికి వారానికి ఒకరోజే వస్తాడు, ఈ పిల్ల అన్నాళ్లు ఆగే స్థితిలో లేదు.

"ఎన్నిసార్లు?" అని అడిగింది లాయరమ్మ, బోర్లా పడుకుని, తల పక్కకి తిప్పి.

"ఒక్కటే తల్లీ."

"ఒకటంటే ఒకటేనా? తర్వాత ఇంకోటి అనరు కదా?"

"నేనున్నాగా. ఒకటంటే ఒకటే."

ఆయన తెలిసి చెప్పిన అబద్ధం కాదది. ఇన్నేళ్లూ ఆ పరీక్షకి ఒక్కసారే లాగేవాళ్లు. ఆయన సెలవులో ఉన్న పదిహేను రోజుల్లో పద్ధతి మారింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ రెండోసారి కూడా లాగి, ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోసి, దూరంగా ఉన్న పెద్ద ల్యాబుకి పంపాలని పెద్ద డాక్టరు ఆర్డరు వేశాడు. ఆ సంగతి డాక్టర్లకి తెలుసు, నర్సులకి తెలుసు. పట్టుకునేవాడికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. పట్టుకునేవాడికి లెక్కలెందుకు?

మొదటిది లాగారు. పిల్ల వేసిన కేకకి వరండాలో ఉన్న తల్లి గోడకి ఆనుకుపోయింది. ఆయన చేతుల కింద చిన్న నడుము వణికింది, కదల్లేదు. "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అన్నాడు. చిన్న డాక్టరమ్మ, అంటే ఆ ఏడే చదువు ముగించి చేరిన అమ్మాయి, సూదిని ఉన్నచోటే కొంచెం తిప్పి, "ఇంకొక్కటి, ఊదా గొట్టానికి" అంది.

లాయరమ్మ ఏడుపు ఆపేసింది. తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. "మామా, ఒక్కటే అన్నావుగా?" అంది.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో, దూడలతో సహా, ఎవరినీ పని మధ్యలో వదలని మనిషి ఆ క్షణాన పట్టు వదిలేశాడు. "చాలు డాక్టరమ్మా. పిల్లకి మాటిచ్చాను. ఉన్నదాంట్లోంచే సర్దండి" అన్నాడు. చిన్న డాక్టరమ్మ కళ్లలో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి. పిల్ల కదులుతోంది, పట్టుకునేవాడు పట్టుకోనంటున్నాడు. ఆమె సూది బయటికి తీసి, సిరంజిలో ఉన్నదాన్నే గాజు పలకల మీద పెట్టి, మిగిలిన నాలుగు చుక్కలూ ఊదా గొట్టంలో వదిలింది. ఆ సాయంత్రమే మందులు మొదలుపెట్టారు. పిల్ల చెయ్యి పైకెత్తి, ఉడుం మామ మాట మీద నిలబడే మనిషని వార్డంతా వినేలా తీర్పు చెప్పింది. ఆయన ఇంటికి వెళ్లి ఆ తీర్పు భార్యకి రెండుసార్లు చెప్పుకున్నాడు. భార్య బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి, ఎనిమిది గంటలు మిషను చప్పుడు విని వచ్చింది. "సరేలే హరిశ్చంద్రా, అన్నం తిను" అంది.

ఆరోరోజున ల్యాబు నుంచి కాగితం వచ్చింది. గొట్టంలో చాలినన్ని కణాలు లేవు, పరీక్ష చెయ్యలేకపోయాం, మళ్లీ పంపండి. పంపడానికి ఏముంది? మందులు పడి అప్పటికే లోపల సగం ఊడ్చుకుపోయింది. పెద్ద డాక్టరు ఎందుకిలా అయిందని అడిగితే, చిన్న డాక్టరమ్మ "సరిగ్గా రాలేదు సార్" అని ఊరుకుంది. ఉడుం మామ పేరు ఎత్తలేదు. మూడు నెలల తర్వాత ఆమెకి వేరే ఊరు బదిలీ అయింది. ఉడుం మామకి ఆ కాగితం సంగతే తెలియదు.

అందరు పిల్లలకీ ఇచ్చే మందులే లాయరమ్మకీ ఇచ్చారు. చాలామంది పిల్లలకి ఆ మందులు సరిపోతాయి. ఆమెకీ సరిపోయాయనే అనుకున్నారు. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది. వారానికో, రెండు వారాలకో వచ్చి సూది వేయించుకుని, వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి సలహాలిచ్చి వెళ్లేది. "ఉడుం మామ ఎన్ని అంటే అన్నే. రాసి ఇమ్మని కూడా అడగక్కర్లేదు" అనేది. తల్లి వ్యాను ఆసుపత్రి గేటు బయట ఆగితే, హారన్ మోతని బట్టి ఆయనకి తెలిసిపోయేది.

పద్నాలుగు నెలలకి జబ్బు తిరగబెట్టింది.

ఆ వారం రౌండ్సులో పెద్ద డాక్టరు చుట్టూ అరడజను మంది కుర్ర డాక్టర్లు ఉన్నారు. లాయరమ్మని స్కానింగుకి తీసుకెళ్లారు, మంచం ఖాళీగా ఉంది. ఉడుం మామ ఆ మంచానికే దుప్పటి మారుస్తున్నాడు. పెద్ద డాక్టరు పాఠం చెప్పే ధోరణిలో మొదలుపెట్టాడు. "రక్తకేన్సర్ అని మనం ఒక పేరు పెట్టుకున్నాం. ఒకే ఇంటిపేరున్న వాళ్లందరికీ ఒకే బుద్ధి ఉంటుందా? ఒక్కొక్క పిల్ల కణాల్లో ఒక్కొక్క జన్యువు గాడి తప్పుతుంది. ఏది తప్పిందో తెలిస్తే దానికి తగ్గ మందు ఇస్తాం. తెలియకపోతే అందరికీ ఇచ్చేదే ఇస్తాం. మందు మొదలెట్టకముందు, దొంగలంతా ఒకచోట ఉన్నప్పుడే మొహాలు చూసుకోవాలి. ఈ పిల్లకి ఊదా గొట్టం ఎందుకు ఖాళీగా వెళ్లింది? ఎవరూ చెప్పరు. రెండోసారి లాగలేదు, అంతే."

ఉడుం మామ చేతిలో దుప్పటి అంచు అలాగే ఉండిపోయింది. వాళ్లు పక్క మంచానికి వెళ్లిపోయారు. ఆయన ఆ దుప్పటిని పరిచి, తీసి, మళ్లీ పరిచాడు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు గది బయట గంటసేపు నిలబడి, లోపలికి వెళ్లి, "సార్, ఆ రోజు పట్టు వదిలింది నేనే. పిల్లకి ఒకటే అని మాటిచ్చాను" అన్నాడు.

పెద్ద డాక్టరుకి కోపం వస్తుందనుకున్నాడు. వస్తే బాగుండేది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నీకు ఆర్డరు సంగతి ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. లేదన్నాడు ఉడుం మామ. "అయితే అందులో నా తప్పూ ఉంది" అన్నాడు డాక్టరు.

"అప్పుడే తెలిసుంటే పిల్ల బాగుపడేదా సార్?"

"తెలీదయ్యా. కొంతమంది బాగుపడతారు, కొంతమంది పడరు. అప్పుడే తెలిస్తే, ఆ మందేదో మొదటినుంచీ ఇచ్చేవాళ్లం. అంతవరకే చెప్పగలను."

ఆ రాత్రి భార్యకి చెప్పాడు. ఆవిడ "మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే" అంది. అక్కడితో ఆగకుండా, "ఆ తల్లికి మాత్రం చెప్పకు. చెప్తే నీ బరువు దిగుతుంది, ఆవిడ నెత్తికెక్కుతుంది" అంది. ఆవిడ మాట సబబుగానే ఉంది. ఆవిడ మాటలు ఎప్పుడూ సబబుగానే ఉంటాయి, అదే ఆ ఇంట్లో ఉన్న ఇబ్బంది.

మూలుగ మళ్లీ తీశారు. "ఎన్ని?" అని అడిగింది లాయరమ్మ. రెండు చాలన్నారు డాక్టర్లు. ఆయన వాళ్లని పక్కకి పిలిచి, కచ్చితంగా చాలాలంటే ఎన్నని అడిగాడు. మూడైతే బెంగే ఉండదన్నారు.

"మూడు తల్లీ."

"పోయినసారి ఒకటేగా! రెండు చెయ్యి మామా. ప్లీజ్. నేను అస్సలు కదలను."

"మూడే."

మూడూ అయ్యేదాకా ఆయన చేతులు సడలలేదు. రెండోదానికి తిట్టింది, మూడోదానికి దుర్మార్గుడా అని అరిచింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకుని, మనసులో ఆ తిట్లన్నీ నిజమేనని ఒప్పుకుంటూ పట్టుకున్నాడు. తర్వాత రెండు రోజులు ఆ పిల్ల ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు, "మూడని ముందే చెప్పావు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నా" అంది. ఆయన స్టోర్ రూములోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాడు.

ఈసారి గొట్టం నిండుగా వెళ్లింది, పదిరోజుల్లో జవాబూ నిండుగా వచ్చింది. రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. దానికి మాత్ర ఉంది. రోజుకొకటి, పసుపుపచ్చది, బఠాణీ గింజంత. ఆ మాత్ర మొదలుపెట్టిన మూడు వారాలకి పిల్ల మంచం దిగింది. ఆకలి తిరిగొచ్చింది, వాదన తిరిగొచ్చింది. తల్లి తన వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పింది. నాలుగున్నర నెలలు. అంత చిన్న మాత్ర అంత పని చెయ్యడం చూసి వార్డులో అందరూ సంతోషించారు. ఉడుం మామ కూడా సంతోషించాడు. కానీ పిల్ల నవ్విన ప్రతిసారీ ఆయనకి ఇంకో లెక్క తగిలేది. ఈ మాత్ర పద్నాలుగు నెలల ముందే పడాల్సింది.

అయిదో నెలలో ఆ మాత్రని తప్పించుకునే దారి జబ్బు కనిపెట్టింది. ఇంకో మందు వేశారు, ఇంకోటి వేశారు. పిల్ల బరువు తగ్గిపోయింది. ఆఖరి రోజుల్లో ఆయన పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు, కదిలే శక్తి ఉంటే కదా. అయినా ఆమె పిలిచేది, ఆయన వెళ్లి మణికట్టు మీద రెండు వేళ్లు వేసి కూర్చునేవాడు. ఒక మంగళవారం ఉదయం, రౌండ్సు అయిపోయి భోజనాల బండి ఇంకా రాకముందు, తల్లి ఒళ్లో పిల్ల పోయింది. ఉడుం మామ ఆమెని తెల్ల దుప్పటిలో చుట్టి కిందికి మోసుకెళ్లాడు. ట్రాలీ తెస్తామన్నారు, వద్దన్నాడు.

ఆ తర్వాత ఆయన పనిలో ఒక తేడా వచ్చింది. పిల్లలు ఎన్నిసార్లు అని అడిగితే, "ఎన్నైతే అన్ని. నాకు తెలీదు తల్లీ" అనడం మొదలుపెట్టాడు. అది విన్న పిల్లలు ఎక్కువ ఏడ్చారు. పట్టుకోవడం కష్టమైంది.

నెల దాటాక లాయరమ్మ తల్లి వచ్చింది. ఆఫీసులో ఏదో ధ్రువపత్రం తీసుకోవాలట. అది తీసుకుని, ఆయన్ని వెతుక్కుంటూ దుప్పట్ల గదికి వచ్చింది. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెడుతున్నాడు. ఆమె అడక్కుండానే రెండో అంచు అందుకుంది. ఇద్దరూ కలిసి నాలుగైదు మడతపెట్టారు.

"అన్నా, మీకో మాట చెప్పి వెళ్దామని వచ్చాను" అంది. "ఈ రెండేళ్లూ నా బిడ్డకి అందరూ అబద్ధాలే చెప్పారు. నేనూ చెప్పాను. రేపు ఇంటికెళ్దాం అనేదాన్ని, ఇదే ఆఖరి సూది అనేదాన్ని. మీరొక్కరే మాట నిలబెట్టుకున్నారు. మొదటిరోజు డాక్టరమ్మ ఇంకోటి అంటే మీరు అడ్డం పడ్డారంట కదా? ఎన్నిసార్లు చెప్పుకుందో ఆ సంగతి. పోయే ముందురోజు కూడా చెప్పింది. మీ రుణం తీర్చుకోలేను."

చేతులెత్తి నమస్కారం పెట్టింది. ఆయనకి భార్య మాట గుర్తొచ్చింది. ఊరుకుంటే సరిపోతుంది, ఆమె దండం పెట్టి వెళ్లిపోతుంది. ఈ తల్లికి మిగిలిన ఒక్క మంచి సంగతి కూడా తన చేతులతో లాగేసుకోవడం ఎందుకు? కానీ ఆ నమస్కారం తీసుకోవడానికి ఆయనకి మొహం చెల్లలేదు. తనది కానిదాన్ని తీసుకోవడమే అవుతుంది.

"ఆ ఇంకోటి ల్యాబుకి పంపే గొట్టం కోసం అమ్మా" అన్నాడు. "రెండోది తియ్యనివ్వలేదు నేను. దాంతో ఏ రకం జబ్బో తెలీలేదు. తెలిసుంటే ఆ పసుపు మాత్ర మొదటిరోజుల్లోనే పడేది. నాకు అప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఇన్నాళ్లు మీకు చెప్పలేదు."

ఆమె చేతిలో దుప్పటి అంచు జారిపోయింది. గదిలో గోడవారనున్న బల్ల మీద కూర్చుంది. అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకుని ఆయన ఎదురుగా చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డాడు.

"తీసుంటే బతికేదా?" అని అడిగింది.

"తెలీదమ్మా. పెద్ద డాక్టరు కూడా తెలీదన్నారు."

"రెండోది కూడా అంత నొప్పి పుట్టేదా?"

"పుట్టేది."

"ఎంతసేపు?"

"పది లెక్కపెట్టేంతసేపు."

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. తొందరపడకుండా, ఒక్కొక్క అంకె దగ్గరా ఆగుతూ, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకుంది. కళ్లు తెరిచి ఆయన వైపు చూసింది.

"ఇంతేనా అన్నా?" అంది.

"ఇంతేనమ్మా" అన్నాడు ఉడుం మామ.